పవర్ రంపం: పురిటి మంచం నుంచి తుపాను రోడ్డు దాకా

తుపాను తీరం దాటిన మర్నాడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అన్నిటికన్నా ముందు రోడ్డెక్కాల్సిన యంత్రం పవర్ రంపం. కరెంటు స్తంభాల లారీ, మంచినీళ్ల ట్యాంకరు, 108 వాహనం, జనరేటరు, బియ్యం బస్తాలు, ఏది ఊళ్లోకి వెళ్లాలన్నా ముందు దారికి అడ్డంగా పడ్డ చెట్టు తొలగాలి. అమెరికా, కెనడాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు తమ నగరపాలక సంస్థ పనితనాన్ని మంచు కురిసిన మర్నాడు వీధులు ఎంత త్వరగా తెరిచారన్నదాన్నిబట్టి కొలుస్తారు. ఉత్తరాంధ్రలో ఆ పరీక్ష తుపానుల కాలంలో వస్తుంది. కాకపోతే మంచును బండి ముందున్న ఇనుప పలకతో పక్కకు నెట్టేయవచ్చు. చెట్టును నెట్టలేరు, ముందు కోయాలి.

ఈ తీరానికి అక్టోబరు రెండోవారం అచ్చిరాలేదు. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం, సోంపేట వైపు తోటలను దెబ్బతీసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడి పక్కనున్న విజయనగరం జిల్లానూ కుదిపేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165 దాకా. గాలి నెట్టే బలం దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. 75 కిలోమీటర్ల గాలికన్నా 150 కిలోమీటర్ల గాలి నాలుగింతల బలంతో చెట్టును తోస్తుందన్నమాట.

ఆ తోపుకు ఒక్కో చెట్టు ఒక్కోలా లొంగుతుంది. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో జీడిమామిడి గుబురు వెడల్పు, వేళ్లు ఎక్కువగా పైపైన పరుచుకుంటాయి. తడిసిన ఇసుక నేల పట్టు వదలగానే వేళ్లతో సహా పెకిలి పడుతుంది. కొబ్బరికి తల్లివేరు ఉండదు. వంగి వంగి చాలాసేపు ఓర్చుకుంటుంది, చివరికి మొదలుతో సహా ఒరిగిపోతుంది, లేదా మొవ్వు విరిగి మోడై నిలుస్తుంది. రోడ్ల పక్క పెంచిన నిద్రగన్నేరు, తురాయి కొమ్మలు చీలికలై తీగల మీద పడతాయి. రోడ్డు మూసేది తరచు చెట్టొక్కటే కాదు, చెట్టూ స్తంభమూ తీగలూ కలిసిన చిక్కుముడి.

పవర్ రంపం రాకముందు ఈ పని గొడ్డలితోనూ, ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగే పెద్ద రంపంతోనూ జరిగేది. ముదురు చింతమాను ఒకటి పడితే పూట గడిచిపోయేది. అదే కోత ఇప్పుడు నిమిషాల పని.

విచిత్రం ఏమిటంటే, ఈ యంత్రం అడవిలో పుట్టలేదు. గొలుసుకు పళ్లు పెట్టి కోయాలన్న ఆలోచన పద్దెనిమిదో శతాబ్దం చివర స్కాట్లండు వైద్యులది. తల్లి కటి ఎముకల మధ్య దారి చాలక ప్రసవం ఆగిపోయినప్పుడు, ఆ ఎముకల కలయిక దగ్గరి మృదులాస్థిని కోసి దారి చేసేవారు. మామూలు కత్తితో ఆ పని ఆలస్యం, ప్రమాదం. జాన్ ఐట్కెన్ 1785లో ప్రచురించిన ప్రసూతి వైద్య గ్రంథంలో రెండు చివరలా పిడులున్న, వంగే రంపం బొమ్మ కనిపిస్తుంది. గ్లాస్గోకు చెందిన జేమ్స్ జెఫ్రీ కూడా దాదాపు అదే కాలంలో సన్నని గొలుసు రంపాన్ని రూపొందించాడు. మత్తుమందు ఇచ్చి కోసే పద్ధతి ఇంకా అరవై ఏళ్ల దూరంలో ఉన్న రోజులవి.

ఆ పరికరం వంగే రంపమే తప్ప తిరిగే రంపం కాదు. నేటి యంత్రపు రూపురేఖలు మొదట కనిపించింది జర్మనీలో, వూర్ట్స్‌బుర్గ్‌కు చెందిన బెర్నార్డ్ హైనె 1830లో చేసిన ఎముక కోత పరికరంలో. పలక అంచు చుట్టూ పళ్ల గొలుసు, దాన్ని తిప్పడానికి ఒక చేతిపిడి. సుత్తీ ఉలీ దెబ్బలకు ఎముక పెళుసుగా పగిలే బాధ దాంతో తప్పింది. ఈనాడు జీడిచెట్టు కోస్తున్న యంత్రంలోనూ అదే ఏర్పాటు. మారింది చేతిపిడి స్థానంలో ఇంజను రావడమే.

ఆ మార్పుకు వందేళ్లు పట్టింది. కాలిఫోర్నియాలోని రాక్షసాకారపు రెడ్‌వుడ్ చెట్లను పడగొట్టాలని శామ్యూల్ బెన్స్ 1905లో గొలుసు రంపానికి పేటెంటు పొందాడు. ఆండ్రియాస్ స్టీల్ అనే జర్మన్ ఇంజనీరు 1926లో విద్యుత్తుతో నడిచేదాన్ని తయారుచేశాడు. అడవిలో కరెంటెక్కడిది? మరుసటి ఏడాదే ఎమిల్ లెర్ప్ జర్మనీలోనే తూరింగియా ప్రాంతపు డోల్మార్ కొండమీద పెట్రోలుతో నడిచే రంపాన్ని పరీక్షించి చూపాడు; 1929లో స్టీల్ పెట్రోలు రంపం బజారుకొచ్చింది. దాని బరువు 46 కిలోలు, మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతగానీ బరువు తగ్గలేదు. తేలికైన లోహాలు, ఎటు ఒంపినా ఇంధనం అందించే కార్బురేటరు వచ్చాక 1950లో ఒక్కరే పట్టుకునే 16 కిలోల రంపం, 1959లో 12 కిలోలది వచ్చాయి. ఇప్పుడు తుపాను పనికి వాడే మధ్యరకం యంత్రం ఐదారు కిలోలు తూగుతుంది.

ఇంజను కన్నా పెద్ద మలుపు గొలుసులో వచ్చింది. తొలినాటి గొలుసులకు చేతిరంపం పళ్లలాంటివే ఉండేవి: కొయ్యను గీరుతూ పోవడం, త్వరగా మొద్దుబారడం, గంటల తరబడి ఆకురాయితో పదును పెట్టుకోవడం. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు అడవి పనివాడు జో కాక్స్ 1946లో వంటచెరకు కొడుతుండగా ఒక మొద్దులో కొయ్యను తొలిచే పురుగు పిల్ల కంటబడింది. వేలు లావున్న ఆ పురుగు, మొండి గొడ్డలికి లొంగని కొయ్యలో నారకు అడ్డంగానూ నిలువుగానూ సునాయాసంగా దారి చేసుకుపోతోంది. దాని దవడలు రెండూ కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి కొరుకుతున్నాయి. కాక్స్ ఆ పద్ధతినే ఉక్కులో పెట్టాడు. అంచు లోపలికి వంగిన పళ్లు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. పోర్ట్‌లండులో సొంత కంపెనీ పెట్టి 1947 నవంబరులో మొదటి గొలుసు అమ్మాడు. నేడు ప్రపంచమంతా వాడుతున్న గొలుసుకు మూలం అదే.

ఆ గొలుసును ఒకసారి దగ్గరగా చూడాలి. ప్రతి పన్నుకూ ముందు చిన్న మొట్టలాంటి ముక్క ఉంటుంది. పన్ను అంచుకన్నా అది దాదాపు 0.6 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉంటుంది. ఒక్కో పన్ను ఎంత మందాన కొయ్యను లేపాలో నిర్ణయించేది ఆ తేడాయే. పన్ను పదును చేస్తూ పోయి మొట్టను పట్టించుకోకపోతే గొలుసు కొయ్యమీద జారుతుంది తప్ప కొరకదు. మొట్టను మరీ అరగదీస్తే పెద్ద ముక్క కొరకబోయి యంత్రం ఎగిరిపడుతుంది. పదునైన గొలుసు నుంచి చిన్న చెక్కముక్కలు రాలతాయి, మొద్దుబారిన గొలుసు నుంచి పిండి రాలుతుంది. రంపం వాడేవాడి పనితనం తెలుసుకోవాలంటే అతని కాళ్ల దగ్గర రాలిన పొట్టును చూస్తే చాలు.

గొలుసును తిప్పేది రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోస్తారు. వేగం పెంచితేనే క్లచ్ పట్టుకుని గొలుసు కదులుతుంది, తగ్గిస్తే ఆగుతుంది. పూర్తి వేగంలో గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు, అంటే గంటకు 70 కిలోమీటర్ల పైచిలుకు పరుగెడుతుంది. పలక కొన పైభాగం దేనికైనా తగిలితే ఆ వేగమంతా వెనక్కి తిరిగి, రంపం రెప్పపాటులో మనిషి ముఖం మీదికి లేస్తుంది. ముందు చేతిపిడికి ఎదురుగా ఉండే ప్లాస్టిక్ అడ్డు అందుకే. అది చేతికి తగలగానే, లేదా కుదుపుకే, బ్రేకు పడి గొలుసు నిలిచిపోతుంది. ఆ అడ్డు విరిగిపోయినా పరవాలేదని లుంగీ ఎగ్గట్టి హవాయి చెప్పులతో రంపం పట్టడం పల్లెల్లో కొత్తేమీ కాదు; అది ధైర్యం కాదు.

కొబ్బరి ఈ యంత్రానికి గట్టి పరీక్ష. మిగతా చెట్ల మాదిరి దానికి నడుమ చేవ ఉండదు. గట్టిదనమంతా బయటి అంచులో, లోపల మెత్తన. ఆ గట్టి అంచులో నార కట్టలతోపాటు సూక్ష్మమైన ఇసుక పదార్థం, సిలికా, ఉంటుంది. పళ్ల పదును తినేసేది అదే. పీచు ఊడి వచ్చి గొలుసు చక్రానికి చుట్టుకుంటుంది. దానికితోడు ఉద్దానం నేల ఇసుక, కూలిన మానుకు తడి ఇసుక అంటుకుని ఉంటుంది. నేలకు ఒక్కసారి గొలుసు తగిలితే అరగంట పదును పోయినట్టే. అందుకే ఇక్కడి జట్టుకు రంపాలకన్నా అదనపు గొలుసులూ, గుండ్రటి ఆకురాళ్లూ ఎక్కువ అవసరం. ఈ సంగతి సామగ్రి జాబితా రాసేవారికన్నా కోసేవారికే బాగా తెలుసు.

కూలిన చెట్టును కోయడం, నిలబడ్డ చెట్టును కోయడంలాంటిది కాదు. రోడ్డుకు అడ్డంగా రెండు కొసలూ గట్లమీద ఆని నడుమ వేలాడే మానుకు పైభాగం నొక్కుకుపోయి, అడుగుభాగం సాగి ఉంటుంది. పైనుంచి కోసుకుంటూ పోతే కోత మూసుకుని పలకను బిగించేస్తుంది. పైనుంచి మూడోవంతు కోసి, మిగతాది కిందనుంచి కోయాలి. ఒక కొస మాత్రమే ఆనితే లెక్క తిరగబడుతుంది. వేళ్లతో పెకిలిన చెట్టు మరీ మోసకారి: మానును తెగ్గొట్టగానే ఆ వేళ్లకు అంటిన మట్టి బరువుకు మొదలు ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. వేళ్లు పెకిలిన గోతి అంచున పిల్లల్ని నిలబడనివ్వకూడదు.

తీగలున్నచోట రంపం స్టార్టు చేసేముందు లైన్‌మన్ రావాలి. ఎల్‌సీ తీసుకున్నామని, అంటే లైను ఆపించామని, అతను చెప్పాకే ఎవరైనా చెట్టు మీద చెయ్యి వేయాలి. ఊరంతా చీకటిగా ఉంది కదా, తీగల్లో కరెంటు లేదని అనుకోవడం పొరపాటు. ఏదో ఇంట్లో సరిగా కలపని జనరేటరు నుంచి కరెంటు వెనక్కి పారి తీగలోకి రావచ్చు. తిత్లీలో స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి. కోత జట్టూ, కరెంటు జట్టూ వేర్వేరుగా వస్తే ఒకరికోసం ఒకరు కూర్చోవడమే జరుగుతుంది.

కోసిన దుంగలను జేసీబీ పక్కకు తోస్తుంది. కోయకుండా జేసీబీతోనే చెట్టును ఈడ్చాలని చూస్తే తీగలు, కల్వర్టు గోడలు దానితోపాటు వస్తాయి. దారులు తెరిచే వరసలో మొదటిది భోగాపురం, పూసపాటిరేగ నుంచి టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం పోయే 16వ నంబరు జాతీయ రహదారి. తర్వాత ఆస్పత్రులకూ మండల కేంద్రాలకూ వెళ్లే ఆర్ అండ్ బి రోడ్లు, ఆపైన పంచాయతీరాజ్ రోడ్లు. జాతీయ విపత్తు దళం, అగ్నిమాపక సిబ్బంది రంపాలతో దిగుతారు. రహదారి ఒక సంస్థది, రోడ్డు ఒక శాఖది, వీధి మునిసిపాలిటీది. చెట్టుకు శాఖాభేదం తెలియదు. లోపలి ఊళ్ల దారులను చాలాసార్లు మొదట తెరిచేది ఆ ఊరి కుర్రాళ్ల గొడ్డళ్లే. మండలానికి నాలుగు రంపాలు, వాటిని వాడడం నేర్చిన ఎనిమిది మంది సెప్టెంబరులోనే సిద్ధంగా ఉంటే, బయటి జిల్లాలనుంచి జట్లు వచ్చేదాకా ఎదురుచూసే పని సగం తప్పుతుంది. ఏడాదంతా గోదాములో పడుకున్న రంపం ట్యాంకులో పాత పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరు మూసుకుపోతుంది. పని అయ్యాక ఇంధనం ఒంపి, వట్టిపోయేదాకా ఇంజను నడిపి దాచాలి, నెలకోసారి స్టార్టు చేసి చూడాలి.

రోడ్డు తెరుచుకున్నాక కూడా రంపానికి పని ఉంటుంది. తోటల్లో కూలిన కొబ్బరి మాన్లు అలాగే కుళ్లితే వాటిలో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ కుళ్లులోనే పెరిగి, రెక్కలొచ్చాక బతికి బయటపడ్డ చెట్ల మొవ్వులను తొలుస్తాయి. కొత్తగా నాటిన దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కాబట్టి, మిగిలిన చెట్లే అప్పటిదాకా రైతుకు ఆధారం. కూలిన మాన్లను ముక్కలు చేసి కొన్ని నెలల్లోగా తోట దాటించడం రోడ్డు తెరవడమంత అవసరమైన పని. దానికి పెట్రోలు ఖర్చు, కూలి ఖర్చు పరిహారంలో విడిగా లెక్కకట్టాలి.