ఇంటి దాకా వచ్చే తీగ: బ్రాడ్‌బ్యాండు మార్చాలా, బేరమాడాలా?

మొబైల్ ఫోను వాడేవారికి నంబరు పోగొట్టుకోకుండానే కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అందుబాటులోకి వచ్చింది గాని, ఇంటికి తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్‌కు అటువంటి ఏర్పాటేదీ లేదు. మొబైలు విషయంలో మార్పు కంపెనీల లెక్కల్లో జరిగిపోతుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండు విషయంలో మాత్రం కొత్త తీగను స్తంభం మీది నుంచో, అపార్టుమెంటు షాఫ్టులో నుంచో లాగి, గోడకు రంధ్రం చేసి లోపలికి తెచ్చుకోవాలి, పాత కంపెనీ ఇచ్చిన పెట్టెను అప్పగించి డిపాజిట్టు రాబట్టుకోవాలి, ముందుగా కట్టిన డబ్బులో మిగిలినది వస్తుందో రాదో తేల్చుకోవాలి. ఈ శ్రమకు జంకి కొన్ని కుటుంబాలు నాసిరకం సేవతోనే ఏళ్ళ తరబడి నెట్టుకొస్తుండగా, మరికొన్ని కుటుంబాలు ప్రకటనలోని అంకె చూసి మారిపోయి, అదే ఇబ్బందిని ఇంకొక కంపెనీ పేరుతో మళ్ళీ పడుతున్నాయి. రెండు సందర్భాల్లోనూ ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న తేలకుండా ఉండిపోతోంది: లోపం తీగలో ఉన్నదా, ధరలో ఉన్నదా, లేక ఇంట్లోనే ఉన్నదా? బిల్లు మీద ఏ కంపెనీ పేరున్నా, అనుభవంలోకి వచ్చే సేవను నిర్ణయించేది చాలావరకు వీధి చివరి నుంచి ఇంటి దాకా వచ్చే ఆ కొద్ది దూరపు తీగ, అది తెగినప్పుడు వచ్చి అతికే మనిషి.

పట్టణాల్లో ఇప్పుడిస్తున్న కొత్త కనెక్షన్లలో అధిక భాగం ఫైబరువి, అంటే సన్నని గాజు పోగులో కాంతి రూపంలో సమాచారాన్ని పంపేవి. కంపెనీ కేంద్రంలోని యంత్రం నుంచి బయలుదేరిన ఒక్కొక్క పోగు, దారిలో స్ప్లిటర్ అనే చిన్న పరికరం వద్ద చీలి, 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో వెళుతుంది. విస్తృతంగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఆ ఇళ్ళన్నిటికీ కలిపి వచ్చే వేగం సెకనుకు సుమారు 2,500 మెగాబిట్లు, అంటే 2,500 ఎంబీపీఎస్. ఇళ్ళ నుంచి వెనక్కి వెళ్ళే వేగం అందులో సగం. తలా 100 ఎంబీపీఎస్ చొప్పున 64 ఇళ్ళకు అమ్మితే 6,400 అవుతుంది గనుక ఈ లెక్క పొసగదనిపించవచ్చు గాని, అందరూ ఒకే క్షణంలో పూర్తి వేగాన్ని వాడరన్న అంచనా మీదనే ప్రపంచంలోని ప్రతి ఇంటర్నెట్ కంపెనీ నడుస్తుంది, ఆ అంచనా సాధారణంగా నిజమే అవుతుంది కూడా. చిక్కు వచ్చేది దానికి వెనుక ఉన్న దారిలో: ఒక కాలనీకో, ఒక చిన్న పట్టణానికో కలిపి కొనుక్కున్న మొత్తం సామర్థ్యం చాలనప్పుడు, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు గంటల మధ్య, ఇంటింటా సినిమాలూ మ్యాచ్‌లూ నడిచే వేళ, వేగం పడిపోతుంది. ఆ సామర్థ్యాన్ని ఎంత కొనాలన్నది కంపెనీయో దాని తరఫున పనిచేసే స్థానిక ఆపరేటరో తీసుకునే వ్యాపార నిర్ణయం. అందువల్లనే ఒకే కంపెనీ ఒక వీధిలో చక్కగానూ పక్క వీధిలో అధ్వానంగానూ ఉండగలదు. ఊరి మొత్తం మీద ఏది మంచి కంపెనీ అని ఆరా తీయడం కంటే, అదే అపార్టుమెంటులోనో అదే వరుసలోనో ఉన్న ఇరుగుపొరుగును అడగడం ఎంతో మేలు.

తీగ ఎక్కడి నుంచి వస్తున్నదో చూడడం కూడా అంతే అవసరం. తెలుగు రాష్ట్రాల నగరాల్లో ఈ తీగలు చాలావరకు భూమిలో కాక విద్యుత్ స్తంభాల మీదుగా, పాత కేబుల్ టీవీ దారుల వెంట వేలాడుతూ వచ్చాయి. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు సమయంలో విద్యుదాఘాతానికి ప్రాణాలు పోయిన తరువాత, స్తంభాల మీది కేబుళ్ళను విద్యుత్ సంస్థ పెద్దయెత్తున తొలగించినపుడు, నగరంలో అనేక ప్రాంతాల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. ప్రాణాల ముందు ఇంటర్నెట్ ఎంతటిదన్న మాట నిజమే. అయితే ఒకే స్తంభాల వరుస మీద ఆధారపడిన రెండు కంపెనీల మధ్య మారినందువల్ల నమ్మకం పెరగదన్న సంగతి కూడా ఆ రోజుల్లో స్పష్టంగా కనిపించింది. తరచూ తీగ తెగడమే సమస్య అయినప్పుడు, కొత్త కంపెనీ తీగ ఏ దారిన వస్తుందో అడిగి తెలుసుకోకుండా మారడం వృథా.

లోపం ఎక్కడున్నదో కనుక్కోవడానికి ఇంజనీరు కానక్కరలేదు. ఫైబరు కాంతిని ఇంటర్నెట్‌గా మార్చే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. చాలా ఇళ్ళలో వైఫై రౌటరు కూడా దానిలోనే ఇమిడి ఉంటుంది. దానిమీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే కాంతి అందడం లేదని, అంటే బయట ఎక్కడో తీగ తెగిందనో వంగిందనో అర్థం. దీపాలన్నీ సవ్యంగా ఉండి వేగం మాత్రమే తక్కువగా ఉన్నప్పుడు, ల్యాప్‌టాప్‌ను నేరుగా లాన్ కేబులుతో ఆ పెట్టెకు కలిపి ఉదయం ఒకసారి, రాత్రి రద్దీ వేళ ఒకసారి వేగం కొలిచి, ఆ అంకెలను వారం రోజులపాటు రాసి ఉంచుకోవాలి. కేబులు మీద పూర్తి వేగం వచ్చి వైఫై మీద రాకపోతే తప్పు కంపెనీది కాదు: 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటగలిగినా అపార్టుమెంట్లలో పక్కింటి రౌటర్లతో ఇరుకున పడతాయి, 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగంగా ఉన్నా రెండు గోడలు దాటేసరికి నీరసిస్తాయి. హాల్లో టీవీ వెనుక దాగి ఉన్న పెట్టెను ఇంటి నడుమకు జరపడమో, దూరపు గదికి కేబులు లాగి మరొక రౌటరు పెట్టడమో అప్పుడు సరైన మందు; కంపెనీ మారితే అదే మూలలో కొత్త పెట్టె వచ్చి కూర్చుంటుందంతే. కేబులు మీద ఉదయం బాగుండి రాత్రి మాత్రమే పడిపోతే అది సామర్థ్యపు కొరత, ఎంత బేరమాడినా తీరనిది. ఇక మరమ్మతుకు వచ్చిన సాంకేతికుని చేతిలో పవర్ మీటరు ఉంటుంది. ఇంటికి చేరుతున్న కాంతి బలాన్ని అది డీబీఎంలలో మైనస్ అంకెగా చూపుతుంది. సాధారణ జీపాన్ పెట్టెలకు మైనస్ 27 దాదాపు చివరి హద్దు. దాని చుట్టుపక్కల అంకె కనిపిస్తే ఎక్కడో అతుకు పాడైందని గ్రహించి, తీగ మార్చమని పట్టుబట్టవచ్చు. ఈ ఒక్క అంకెను అడిగి రాసుకోవడం ఎన్నో ఫోను సంభాషణల కన్నా ఉపయోగపడుతుంది.

అవసరాన్ని లెక్కవేయడంలో కంపెనీలకు కలిసివచ్చే గందరగోళం ఒకటున్నది. వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైళ్ళ పరిమాణాన్ని బైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక 100 ఎంబీపీఎస్ కనెక్షను మీద సెకనుకు గరిష్ఠంగా పన్నెండున్నర మెగాబైట్లే దిగుతాయి, అది లోపం కాదు. నెట్‌ఫ్లిక్స్ తన 4కే చిత్రాలకు 15 ఎంబీపీఎస్, పూర్తి హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ చాలునని చెబుతున్నది. వీడియో సమావేశానికి మూడు నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో అందరూ ఒకేసారి వాడినా 100 ఎంబీపీఎస్ నిండడం అరుదు. వేగం పెంచుకోమని వచ్చే ఫోన్లకు లొంగేముందు ఈ లెక్క వేసుకోవాలి. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు మాత్రం దిగే వేగంతో పాటు పైకి పంపే వేగాన్ని కూడా అడగాలి, ఎందుకంటే సమావేశంలో ముఖం బిగుసుకుపోవడానికి కారణం ఎక్కువగా అదే.

ధర విషయానికి వస్తే, ప్రకటనలోని అంకె మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది గనుక 699 రూపాయల ప్లాను బిల్లులో దాదాపు 825 అవుతుంది. అపరిమితం అన్న మాటకు కూడా హద్దుంది. సముచిత వినియోగ విధానం పేరిట నెలకు 3,300 జీబీ దాటాక వేగం తగ్గించే షరతు చాలా ప్లాన్లలో కనిపిస్తుంది, అయితే సాధారణ కుటుంబం దాని దరిదాపులకు చేరదు. అసలు ఆలోచించవలసినది ఏడాది సొమ్ము ముందే కట్టే పథకం గురించి. పన్నెండు నెలలకు కడితే ఒక నెల ఉచితమన్నప్పుడు నిజానికి దక్కే తగ్గింపు పదమూడింట ఒక వంతు, అంటే ఎనిమిది శాతం లోపు; దానికి బదులుగా వినియోగదారుడు వదులుకునేది, సేవ బాగులేనప్పుడు వెళ్ళిపోగల స్వేచ్ఛ. కొత్త కంపెనీకి మారిన మొదటి మూడు నెలలు నెలవారీగా కట్టి, ఒక వానాకాలపు గాలివానను ఆ తీగ ఎలా తట్టుకుంటుందో చూశాకే ఏడాది ప్లానుకు వెళ్ళడం వివేకం. చేర్చిన ఓటీటీ చందాల విలువను కూడా, ఇంట్లో ఇప్పటికే వాటికి డబ్బు కడుతున్నప్పుడు మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

తీగ బాగుండి, రాత్రి వేళ కూడా వేగం నిలకడగా ఉండి, ధర ఒక్కటే ఎక్కువనిపించినప్పుడు మారవలసిన పని లేదు, మాట్లాడవలసిన పని ఉన్నది. టెలికాం ధరల పథకాలను కంపెనీలు నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్‌కు నివేదించాలి, ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదు అన్న నియమాలున్నందున, పెద్ద కంపెనీ ఉద్యోగి ఒక్క ఇంటి కోసం కొత్త ధరను సృష్టించలేడు. కాని ఉన్న వెసులుబాట్లు చాలామందికి తెలియవు. పాత ప్లానులో ఉన్నవారిని కొత్తగా వచ్చిన చౌక ప్లానులోకి కంపెనీలు తమంతట తాము మార్చకపోవచ్చు, అడిగితే మారుస్తాయి. కొత్త చందాదారులకు ఇస్తున్న ధరను ట్రాయ్ వారి ధరల పోర్టల్‌లోనో కంపెనీ వెబ్‌సైటులోనో చూసి, అదే ధరకు మార్చమని అడగడం, పాత రౌటరుకు బదులు రెండు బ్యాండులదాన్ని ఇమ్మనడం, ఇల్లు మారినప్పుడు షిఫ్టింగ్ రుసుము తీసేయమనడం, సేవ ఆగిన రోజులకు గడువు పొడిగించమనడం సాధ్యమయ్యే బేరాలు. స్థానిక కేబుల్ ఆపరేటరు ద్వారా వచ్చే కనెక్షన్లలో సంభాషణ తీరు వేరు: నెలనెలా వచ్చి డబ్బు తీసుకునే ఆ మనిషికి ఒక్క ఇంటి కంటే ఆ మెట్లవరుసలోని పది ఇళ్ళు ముఖ్యం గనుక, అపార్టుమెంటు సంఘం ద్వారా కలిసి అడిగిన ధర ఒంటరిగా అడిగిన ధర కన్నా తగ్గుతుంది. ఫోను చేసిన గంటలో నిచ్చెన వేసుకుని వచ్చే ఆపరేటరును నెలకు యాభై రూపాయల తేడా కోసం పోగొట్టుకోవడం మాత్రం నష్టపు బేరమే. తక్కువ జీతాలకు, విద్యుత్ తీగల పక్కన ప్రమాదకరంగా పనిచేసే ఈ మనుషుల విలువ ఏ ధరల పట్టికలోనూ కనిపించదు.

మారడమే మేలని తేలినప్పుడు, పాతదాన్ని ఆపకముందే కొత్తదాన్ని పెట్టించుకుని కనీసం రెండు వారాలు రెండింటినీ నడపాలి. ఆ అదనపు ఖర్చు, పరీక్షల వేళనో ఉద్యోగపు పని వేళనో ఇల్లు చీకటిలో పడకుండా కాపాడుతుంది. ఫైబరు రాని వీధులకు 5జీ తరంగాల ద్వారా పనిచేసే కనెక్షను ఒక ప్రత్యామ్నాయం; జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబరు 19న మొదలైన ఎనిమిది నగరాల్లో హైదరాబాదు కూడా ఉన్నది. తీగ తెగే బాధ దీనికి లేకపోయినా, సమీపపు టవరు మీది రద్దీ దీని వేగాన్ని ప్రభావితం చేస్తుంది. ల్యాండ్‌లైన్ నంబరు పాత కనెక్షనుతో ముడిపడి ఉంటే అది వెంట రాదు. బ్యాంకులకూ బంధువులకూ ఆ నంబరే ఇచ్చిన పెద్దలున్న ఇళ్ళలో ఈ ఒక్క కారణమే నిర్ణయాన్ని మార్చగలదు. పాత ఓఎన్‌టీని తిరిగి ఇచ్చినప్పుడు దాని వరుస సంఖ్యతో రసీదు తీసుకోకపోతే డిపాజిట్టు చిక్కుల్లో పడుతుంది. బ్రిటన్‌లో 2024 సెప్టెంబరు 12 నుంచి ఈ తతంగమంతా కొత్త కంపెనీ బాధ్యతే. వినియోగదారుడు పాత కంపెనీకి ఫోనైనా చేయనవసరం లేదు, ఒప్పందం ముగిసే ముందు తక్కువ ధరలేమిటో చెప్పే బాధ్యత 2020 నుంచే అక్కడి కంపెనీల మీద ఉన్నది. కోట్ల కుటుంబాలు నంబరు పోకుండానే మొబైలు కంపెనీని సునాయాసంగా మార్చుకుంటున్న భారతదేశంలో ఇటువంటి నియమం అసాధ్యమేమీ కాదు, రావలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

ఇన్ని మాటలూ రెండు మూడు తీగలు గుమ్మం దాకా వచ్చే వీధులకు వర్తిస్తాయి. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టీవీ, ఫోను కలిపి ఇస్తూ, విద్యుత్ స్తంభాల మీదుగా పల్లెల దాకా చేరిన కాలంలో ఎన్నో గ్రామాలకు అదే మొదటి తీగ అయింది. అటువంటి చోట్ల ఈనాటికీ మారడానికి మరొకటి లేకపోవచ్చు, బేరానికి బలమూ లేకపోవచ్చు. అక్కడ మిగిలే సాధనం ఫిర్యాదు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ కంపెనీ ఒక డాకెట్ నంబరు ఇవ్వాలి. పరిష్కారం తృప్తినివ్వకపోతే 30 రోజుల్లోగా ఆ కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు, 39 రోజుల్లోగా అప్పీలు తేలాలి. మరమ్మతు రోజుల తరబడి జరగకపోతే అద్దెలో రాయితీ ఇవ్వాలని సేవా ప్రమాణాల నిబంధనలు చెబుతున్నాయి, అడిగినవారికే అది ఎక్కువగా దక్కుతుంది. ట్రాయ్ వ్యక్తుల ఫిర్యాదులను విచారించదు గనుక, ఆ పైన జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషనుకూ వెళ్ళవచ్చు. టెలికాం వివాదాలు ఆ కమిషన్ల పరిధిలోకి రావన్న కంపెనీల వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. అక్కడ పనికివచ్చే సాక్ష్యం డాకెట్ నంబర్లు, సేవ ఆగిన తేదీలు, లాన్ కేబులుతో కొలిచి రాసి ఉంచుకున్న వేగాలు.