మాత్ర పట్టు సడలితే...

నాన్నకు పార్కిన్సన్స్ వచ్చి పదేళ్లు. న్యూజెర్సీలో మా ఇంట్లోనే ఉంటారు. ఒకప్పుడు లెవోడోపా మాత్ర వేసుకుంటే పూటంతా తిరిగేవారు. ఇప్పుడు రెండు గంటలకే కాళ్లు నేలకు అతుక్కుపోతున్నాయి. ‘ఇక ఇంతేలే తల్లీ’ అన్నారు.

న్యూరాలజిస్టు మాత్రం ఇంకా దారులున్నాయన్నారు. మెదడులో సన్నని తీగలు అమర్చే డీబీఎస్‌ ఒకటి. 24 గంటలూ చర్మం కిందకు మందు ఎక్కించే పంపు మరొకటి; అమెరికాలో దీనికి 2024లో అనుమతి వచ్చింది. ఏదీ జబ్బును ఆపదు, హాయిగా కదిలే గంటలను పెంచుతుంది. మతిమరుపు ముదిరితే డీబీఎస్‌ సాధారణంగా చేయరు కాబట్టి వాయిదా వేయొద్దన్నారు.

మాత్ర వేసిన వేళ, దాని పట్టు సడలిన వేళ నోటుబుక్కులో రాస్తున్నాం. ఆపరేషనంటే నాన్నకు భయం, పంపు వైపే మొగ్గుతున్నారు. వచ్చే అపాయింట్‌మెంటుకు ఆ పుస్తకంతోనే వెళ్తాం. నిర్ణయం మాత్రం నాన్నదే.