మాట్లాడని ప్రోగ్రాం: మౌనానికి కారణాలు

సి భాషలో రెండు కంప్యూటర్ల మధ్య సందేశం నడిపే ప్రోగ్రాం రాసిన విద్యార్థికి తరచుగా ఒక విచిత్రమైన అనుభవం ఎదురవుతుంది. కంపైలరు ఒక్క తప్పూ చూపదు. ప్రోగ్రాం మొదలవుతుంది. తెరపై మాత్రం ఒక్క అక్షరమైనా కనిపించదు. తప్పు చూపే ప్రోగ్రాంను సరిదిద్దవచ్చు. మౌనం వహించిన దానిని ఎక్కడ పట్టుకోవలెనో తెలియదు. అట్టి వేళ తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుండి వచ్చిన విద్యార్థి ఈ విద్య తనకు అబ్బదని నిరాశ చెందే ప్రమాదం ఉన్నది. నిజానికి ఆ మౌనానికి తరచుగా కనిపించే కారణాలు కొద్ది మాత్రమే. వాటిని వరుసగా వెదికే పద్ధతిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలో కృష్ణా జలాలు ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అనే మూడు మెట్లలో పైకెక్కుతాయి. చివరి పొలానికి నీరందనప్పుడు పొలంలో నిలబడి చింతిస్తే ఫలితం లేదు. నీరు ఏ మెట్టు వరకు వచ్చినదో చూడవలె. నెట్‌వర్క్ ప్రోగ్రాం కూడా అట్టిదే. 1972 ప్రాంతంలో డెన్నిస్ రిచీ బెల్ ప్రయోగశాలలలో సి భాషను రూపొందించాడు. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వెలువరించిన యూనిక్స్ 4.2 కూర్పుతో సాకెట్లు వ్యాప్తిలోకి వచ్చాయి. సర్వరు వైపు సాకెట్, బైండ్, లిజన్, ఆక్సెప్ట్. క్లయింటు వైపు సాకెట్, కనెక్ట్. ఇవే మన మెట్లు. ప్రతి మెట్టూ ఒక సంఖ్యను తిరిగి ఇస్తుంది. −1 వచ్చినచో పని అక్కడే చెడినట్లు. ఆ సంఖ్యను చూడక ముందుకు సాగడమే మౌనానికి మొదటి కారణం. సి భాష తనంతట తాను ఫిర్యాదు చేయదు. పెర్రర్ అనే ఫంక్షనుతో అడిగితే కారణం తెలుపుతుంది.

రెండవ కారణం బఫరు. ప్రింట్‌ఎఫ్ పంపిన అక్షరాలు వెంటనే తెరకు చేరవు. ఒక చిన్న తొట్టిలో నిలుస్తాయి. తెరకు పంపేటప్పుడు సాధారణంగా కొత్త వరుస గుర్తు రాగానే తొట్టి ఖాళీ అవుతుంది. ఫైలుకు మళ్ళించినప్పుడు మాత్రం నిండేవరకు కదలదు. నిరంతరం నడిచే సర్వరులో ఆ మాటలు లోపలే ఉండిపోతాయి. మధ్యలో బలవంతంగా ఆపితే నశిస్తాయి. వాక్యం చివర కొత్త వరుస గుర్తు ఉంచి, వెంటనే ఎఫ్‌ఫ్లష్‌ను పిలవడం దీనికి మందు.

మూడవది నిరీక్షణ. ఆక్సెప్ట్ క్లయింటు వచ్చేవరకు, రిసీవ్ సందేశం వచ్చేవరకు కదలవు. ఇరువైపులా ముందుగా రిసీవ్ రాసినచో ఎవరూ నోరు విప్పరు. 'పహలే ఆప్' అంటూ ఒకరినొకరు మర్యాద చేసుకొని రైలు తప్పిపోయిన లక్నో నవాబుల కథ ఉర్దూ విద్యార్థులకు తెలిసినదే. ముందు ఎవరు పలకవలెనో ప్రోగ్రాం రాయకముందే కాగితంపై నిర్ణయించుకోవలె.

నాల్గవది క్రమభేదం. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు రాస్తాము. సంఖ్యలోని బైట్లను అమర్చడంలోనూ రెండు సంప్రదాయాలు ఉన్నవి. మన బల్లలపై ఉండే ఇంటెల్ తరహా యంత్రాలు చిన్న విలువ గల బైటును ముందుంచుతాయి. నెట్‌వర్క్ నియమం పెద్ద విలువ గల బైటును ముందు కోరుతుంది. 8080 అనే పోర్టు సంఖ్యను మార్చక అట్లే ఇచ్చినచో అది 36895 అవుతుంది. ఒక వైపు మాత్రమే ఈ పొరపాటు జరిగినచో సర్వరు ఒక వాకిట, క్లయింటు మరొక వాకిట నిలబడినట్లే. హెచ్-టి-ఓ-ఎన్-ఎస్ అనే ఫంక్షను ఈ క్రమాన్ని సరిచేస్తుంది.

ఐదవది వచ్చిన సందేశాన్ని చదివే తీరు. 5 అనే పూర్ణాంకం నెట్‌వర్క్ క్రమంలో నాలుగు బైట్లుగా వచ్చినచో మొదటి మూడూ సున్నాలే. దానిని అక్షరమాలగా ముద్రించబోతే సి భాష మొదటి సున్నా వద్దనే ఆగి ఏమీ చూపదు. మన లిపులలో మరొక జాగ్రత్త అవసరం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ అక్షరానికి 2 బైట్లు, తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'కల్వకుర్తి' అన్న పదంలో 10 సంకేతాలు, అనగా 30 బైట్లు. ముగింపు సున్నాతో 31. రిసీవ్ ఆ సున్నాను చేర్చదు, మనమే చేర్చవలె. 16 బైట్ల చొప్పున చదివినచో ఆరవ సంకేతం మధ్యలో తెగిపోతుంది.

ఇక ఆచరణ. ముందుగా రెండు ప్రోగ్రాంలను ఒకే యంత్రంలో 127.0.0.1 చిరునామాతో నడపవలె. అక్కడ పలికి, రెండు యంత్రాల మధ్య పలకనిచో, సర్వరు ఆ లోపలి చిరునామాకే కట్టుబడినదేమో, ఫైర్‌వాల్ అడ్డుగా ఉన్నదేమో చూడవలె. లైనక్స్‌లో ఎస్‌ట్రేస్ అనే సాధనం ప్రోగ్రాం ఏ పిలుపు వద్ద నిలిచినదో చూపుతుంది. ఒకేసారి ఒక్క మార్పే చేసి ఫలితాన్ని నోటుపుస్తకంలో రాసుకొనడం ఉత్తమం.

విద్యార్థి మిత్రులారా! ఖాళీ తెర మీ తెలివిపై వెలువడిన తీర్పు కాదు. ఏదో ఒక మెట్టు వద్ద పని నిలిచినదని అది తెలుపుతున్నది. ఆ మెట్టును వెదికి పట్టే ఓర్పు అలవడిన నాడు, ఏ మాధ్యమంలో చదివినవారైనా ఈ విద్యలో వెనుకబడరు.