24 గంటల నొప్పి: ద్వీపవాసులకు సూచన

అజీర్ణమువలన గలుగు కడుపునొప్పి సాధారణముగ కొలది గంటలలో శమించును. బొడ్డుచుట్టు మొదలై కుడివైపు పొత్తికడుపునకు దిగి, నడచినను దగ్గినను హెచ్చు నొప్పి ఉండుకపు వాపునకు గుఱుతు కావచ్చును. దీనినే తెలుగువారు 24 గంటల నొప్పి యందురు. ఆ పేరునుబట్టి మఱునాటివఱకు వేచియుండరాదు. ఆముదము మొదలగు విరేచనౌషధముల నీయరాదు. వాచిన యుండుకము పగులవచ్చును. కడుపు చెక్కవలె గట్టిపడినను, నెత్తురు వాంతియైనను, మలము తారువలె నల్లనైనను, గర్భవతికి తీవ్రమైన నొప్పి కలిగినను తత్క్షణమే వైద్యునికి జూపవలెను.

అండమాను నికోబారు ద్వీపములలో దూరమును గూడ లెక్కింపవలెను. క్యాంబెల్ బే 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్‌బ్లెయిరునకు సుమారు 540 కిలోమీటర్ల దూరమున నున్నది. ఓడప్రయాణమునకే దినమునకు మించి పట్టవచ్చును. కావున దూరద్వీపవాసులు తొలి గుఱుతులు కనబడగనే స్థానికవైద్యుని జేరినచో, శస్త్రచికిత్స యవసరమైన రోగిని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రికి పంపుటకు వ్యవధి మిగులును.