గాలి కట్టిన ఉట్టి

మా అన్నయ్య కొడుకు అమెరికాలో, కొలరాడోలో ఉంటాడు. ఎలక్ట్రిక్ పికప్ నడుపుతాడు. సెలవొస్తే చాలు, రాకీ పర్వతాల్లో మట్టిదారులు పట్టి పోతాడు. మొన్న ఒక ఆదివారం రెండు టైర్ల ఫొటోలు పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

“బాబాయ్, పాత టైర్ల గ్రిప్పు అరిగిపోయింది. రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయిద్దామనుకుంటున్నా. ఈ రెండూ ఒకే సైజు. రెండోది మందం, బరువు, ధర కూడా ఎక్కువే. పది ప్లైల ట్రక్కు టైరు, నీ బండి బరువుకి ఇదే సరైందంటున్నాడు షాపతను. ఏది తీసుకోను?”

“రెండు రోజులు ఆగరా, చెబుతాను” అన్నాను. జవాబు తెలియక కాదు, దాన్ని వాడికి సరిగ్గా చెప్పాలని. అంతకు నెలరోజుల ముందే మా ఇంటర్ క్లాసులో ఒక అమ్మాయి ఈ టైరు గుట్టంతా ఒక్క ప్రశ్నలో పెట్టి నా ముందుంచింది.

ఆ రోజు పీడనం పాఠం చెబుతున్నాను. వాహనం బరువును టైర్లలోని గాలే మోస్తుందన్నాను. ఆ అమ్మాయి లేచి నిలబడింది. “సార్, మా నాన్నకి ట్రాలీ ఆటో ఉంది. బస్తాలు వేయకముందు గాలి కొలిచినా, వేశాక కొలిచినా మీటరు ఒకటే చూపిస్తుంది. గాలే మోస్తుంటే పీడనం పెరగాలి కదా?”

శనివారం ఆ ఆటో దగ్గరికే వెళ్లాం. ఒక్కోటి 25 కిలోల బియ్యం బస్తాలు 20 వేయించాం. అంటే 500 కిలోలు. వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి గేజి పెట్టి చూశాం. ముల్లు కదిలిందని ఎవరమూ చెప్పలేకపోయాం. మారింది ఒక్కటే. నేలకు ఆనినచోట టైరు ఇంకాస్త పరుచుకుంది.

గుట్టు ఆ పరుచుకోవడంలోనే ఉంది. గాలి పీడనం పెరగాలంటే దాని చోటు తగ్గాలి. టైరు అడుగున కొద్దిగా నొక్కుకుంటే లోపలి చోటు తగ్గేది ఏ కొంచెమో. కాబట్టి పీడనం దాదాపు అలాగే ఉంటుంది. బరువు పెరిగినకొద్దీ పెరిగేది నేలను తాకే జాగా. పీడనాన్ని ఆ జాగాతో గుణిస్తే, స్థూలంగా ఆ చక్రం మీద పడ్డ బరువు వస్తుంది.

ఈ లెక్కను మా వాడి బండికి వేసి చూద్దాం. రివియన్ ఆర్1టి అనే ఎలక్ట్రిక్ పికప్, నాలుగు మోటార్ల మొదటి తరం బండి, ఖాళీగానే దాదాపు 3,240 కిలోలు తూగుతుంది. ఒక్కో చక్రం మీద సగటున 810 కిలోలు. టైర్లలో కొట్టించమనేది 48 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 3.4 కిలోలు. భాగిస్తే ఒక్కో టైరు నేలను తాకే జాగా 240 చదరపు సెంటీమీటర్లు. మన పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. రెండు కార్డులు పక్కపక్కన పెడితే ఇంచుమించు అంతే. టైరు గోడ బిరుసు, గ్రిప్పులోని ఖాళీలు లెక్కలోకి తెస్తే అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. అయినా మూడు టన్నుల పైచిలుకు బండి ఎనిమిది పోస్టుకార్డులంత జాగా మీద కొండ ఎక్కుతోందన్న మాట మారదు. నాకిది ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

ఇది రోడ్డు వైపు నుంచి చూసిన లెక్క. ఆ అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. “మరి ఇరుసు సంగతేంటి సార్? గాలి రిమ్మును కింది నుంచి పైకి ఎంత నెడుతోందో పై నుంచి కిందికీ అంతే నెడుతుంది కదా. మరి రిమ్మును ఎవరు పట్టుకున్నట్టు?”

పాతికేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఇంత చక్కటి ప్రశ్న అరుదు. గాలి అన్ని వైపులా సమానంగా నొక్కుతుంది. కాబట్టి రిమ్మును నేరుగా పైకి ఎత్తి పట్టేది గాలి కాదు. టైరు గోడలో రబ్బరు కింద దాగిన పోగులు ఆ పని చేస్తాయి. పాలియెస్టరు లాంటి గట్టి దారంతో చేసిన ఆ పోగులు టైరు అంచుల్లోని ఉక్కు తీగ చుట్టలకు కట్టి ఉంటాయి. ఆ చుట్టలు రిమ్ముకు బిగిసి కూర్చుంటాయి. గాలి కొట్టగానే పోగులన్నీ బిగుస్తాయి, రిమ్మును చుట్టూ బయటికి లాగుతాయి. చక్రం గాలిలో ఉన్నప్పుడు పైకి లాగే బలం, కిందికి లాగే బలం సరిసమానం. చక్రాన్ని నేల మీద ఆనించి బరువు వేస్తే అడుగున గోడ పక్కకు ఉబ్బుతుంది. అక్కడి పోగులు ఏటవాలుగా తిరుగుతాయి, రిమ్మును కిందికి లాగే వాటి పట్టు సడలుతుంది. పైనున్న పోగులు మాత్రం ఎప్పట్లాగే పైకి లాగుతుంటాయి. ఆ తేడాయే ఇరుసును మోస్తుంది.

అంటే రిమ్ము గాలి దిండు మీద కూర్చోలేదు. ఉట్టిలో కుండలా పోగులకు వేలాడుతోంది! మన ఇళ్లలో ఉట్టిని దూలానికి కట్టేవాళ్లు. ఈ ఉట్టికి దూలం లేదు. పోగులను బిగించి నిలబెట్టే పని గాలిది, బరువు పట్టే పని పోగులది. బండి కదులుతుంటే ఏ క్షణంలో పైకొచ్చిన పోగు ఆ క్షణంలో ఉట్టి తాడు అవుతుంది, కిందికి దిగాక పట్టు సడలించి మళ్లీ పైకి వెళుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ పికప్ చక్రం సెకనుకు పదిసార్లు తిరుగుతుంది. ప్రతి పోగూ సెకనుకు పదిసార్లు బరువెత్తుకుని, పదిసార్లు దించుతోందన్నమాట.

ఇదంతా నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఒక ఫ్రెంచి మనిషి దీన్ని కళ్లతో చూసేలా చేసి పెట్టాడు. అతని పేరు మారియుస్ మిన్యోల్. క్లెర్మాఁ-ఫెరాఁలోని మిషెలిన్ కంపెనీలో మొదట అచ్చు పని విభాగంలో చేరాడు. లెక్కల్లో అతని చురుకు చూసి పరిశోధనలోకి తీసుకున్నారు. ఆనాటి టైర్లలో పోగుల పొరలు నులక మంచం అల్లికలా ఒకదానిమీదొకటి ఏటవాలుగా పరిచి ఉండేవి. వేగం పెరిగితే అవి విపరీతంగా వేడెక్కేవి. ఆ వేడి ఎక్కడ పుడుతోందో తేల్చడానికి మిన్యోల్ ఒక వింత టైరు చేశాడు. పక్కగోడల్లోంచి ఆ అల్లికంతా తీసేసి, అంచు నుంచి అంచుకు నిటారుగా, ఎడంఎడంగా లోహపు తీగలు మాత్రం ఉంచాడు. చూసినవాళ్లు దానికి ఈగల పంజరమని పేరు పెట్టారు. తీగల మధ్య సందులున్న ఆ పంజరం తిరిగితే చల్లగా ఉంది. ఏటవాలు పొరలు ఒకదాన్నొకటి కత్తెర అంచుల్లా రాసుకోవడం వల్లే వేడి పుడుతోందని తేలిపోయింది.

నాకు ఇష్టమైన ఘట్టమిది. ఉట్టి తాళ్లు నిటారుగా ఉంటేనే పని సుళువు, అడ్డదిడ్డంగా అల్లితే తాళ్లు తమలో తామే పోట్లాడుకుంటాయి. కానీ నిటారు తాళ్లతో ఒక ఇబ్బంది వచ్చింది. మలుపుల్లో నేలను తాకే భాగం అటూ ఇటూ ఊగుతుంది. దానికి గ్రిప్పు అడుగున చుట్టూ ఉక్కు తీగల పట్టీ బిగించారు. గోడ మెత్తగా వంగుతుంది, అడుగు గట్టిగా నిలుస్తుంది. ఒక్క టైరులో రెండు పనులు విడిపోయాయి. 1946లో పేటెంటు వేశారు, 1949లో మిషెలిన్ ఎక్స్ పేరుతో అమ్మారు. అదే రేడియల్ టైరు. సైజులో ‘ఆర్’ అనే అక్షరం ఆ నిటారు తాళ్ల గుర్తే. అమెరికా కంపెనీలు పాత అల్లికనే చాలా ఏళ్లు పట్టుకు వేలాడి, చివరికి ఈ దారికే వచ్చాయి. 1976లో బీఎఫ్ గుడ్‌రిచ్ రేడియల్ ఆల్ టెర్రెయిన్ టైరు తెచ్చింది. అక్కడి నుంచి ఆల్ టెర్రెయిన్ అన్నది పికప్ వాళ్లందరి నోటి మాట అయింది.

ఇక మా వాడి రెండు టైర్ల దగ్గరికి వస్తాను. ఎలక్ట్రిక్ పికప్‌కు ఆ అదనపు బరువు చాలామట్టుకు బ్యాటరీ తెచ్చిపెట్టింది. జీఎంసీ హమ్మర్ ఈవీలో బ్యాటరీ ఒక్కటే 1,300 కిలోల పైన తూగుతుంది, మన మారుతీ స్విఫ్ట్ కారు మొత్తం కన్నా ఎక్కువ. కాబట్టి టైరు కొనేటప్పుడు గ్రిప్పు మీది గుబ్బలు కాదు, పక్కగోడ మీది అంకెలు ముందు చూడాలి. ఆర్1టికి కంపెనీ వేసి ఇచ్చే ఆల్ టెర్రెయిన్ టైరు మీద 275/65ఆర్20 అని, దాని పక్కన 116 అని ఉంటుంది. ఆ 116 లోడ్ ఇండెక్స్. ఒక్కో టైరు 1,250 కిలోల దాకా మోయగలదని అర్థం. పక్కనే ఉండే ఎక్స్‌ఎల్ అన్న అక్షరాలు మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి పట్టే రకమని చెబుతాయి. కొత్త టైరు ఏదైనా ఈ అంకెకు తగ్గకూడదు.

షాపతను చూపిన పది ప్లైల టైరు ఎల్‌టి, అంటే లైట్ ట్రక్ రకం. అదే సైజులో దాని ఇండెక్స్ 126, అంటే 1,700 కిలోలు. చూడగానే ఇదే మేలనిపిస్తుంది. కానీ ఆ 1,700 కిలోలు 80 పీఎస్‌ఐ గాలి దగ్గర లెక్క. గాలి తగ్గిస్తే మోసే బరువూ తగ్గుతుంది. ఎక్స్‌ఎల్ టైరు తన 1,250 కిలోలను 42 పీఎస్‌ఐకే అందుకుంటుంది. అంతే బరువు మోయడానికి ఎల్‌టి టైరుకు అంతకన్నా ఎక్కువ గాలి కావాలి. ఉట్టి సంగతి తెలిస్తే ఇందులో వింత లేదు. మందమైన గోడ ఇచ్చేది బరువు మోసే బలం కాదు, ఎక్కువ గాలిని పట్టి ఉంచే బలం. తాళ్లు లావుగా ఉండి బిగువు లేకపోతే ఉట్టి కిందికి జారదా? పైగా ఈనాటి ‘పది ప్లైల’ టైరులో నిజంగా పది పొరలుండవు. పూర్వం నూలు పొరలతో చేసిన టైర్లతో పోల్చి పెట్టిన పేరది.

మందానికి చెల్లించే మూల్యం ఇంకొకటుంది. రబ్బరు బంతిని నేల మీద వదిలితే వదిలిన ఎత్తుకు తిరిగి రాదు. తగ్గిన ఎత్తుకు సరిపడా శక్తి చాలామట్టుకు వేడిగా పోయింది. టైరు అడుగున నలిగి లేచే రబ్బరు కూడా ప్రతి చుట్టులో అలాగే కొంత శక్తిని మింగుతుంది. రోడ్డు టైరు కన్నా ఆల్ టెర్రెయిన్ గుబ్బలు లోతు, కొన్నింట్లో 12 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. నలిగే రబ్బరు ఎక్కువ, మింగే శక్తి ఎక్కువ. తమ ఆల్ టెర్రెయిన్ టైర్లతో ఒక్క చార్జింగుకు వెళ్లే దూరం 10 నుంచి 15 శాతం తగ్గుతుందని రివియన్ కంపెనీయే చెప్పింది. దానిపైన ఎల్‌టి మందం చేరితే ఇంకొంత. ఈ నష్టాన్ని తగ్గించడానికి రబ్బరులో సిలికా కలుపుతారు. చక్రం తిరిగే నెమ్మది లయలో అది శక్తిని తక్కువ మింగుతుంది, రోడ్డు గరుకు రేపే వేగపు కంపనాల్లో ఎక్కువ మింగి పట్టునిస్తుంది. 1992 నుంచి మిషెలిన్ ఆ దారి చూపింది, మిగతావాళ్లు అందుకున్నారు.

మరి ఎల్‌టి ఎవరికి? యూటా రాష్ట్రంలోని మోయాబ్ బండరాళ్ల లాంటి పదును రాళ్ల మీద తరచూ నడిపేవాళ్లకు. అక్కడ గాలి సగానికి తగ్గిస్తే రెండు పోస్టుకార్డుల జాగా నాలుగు కార్డులవుతుంది, టైరు రాయిని కౌగిలించుకుంటుంది. కానీ ఉబ్బిన గోడ రాళ్లకు తగులుతుంది, మందమున్న గోడ చీలకుండా తట్టుకుంటుంది. తిరిగి తారు రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి. సడలిన తాళ్లతో వేగంగా పోతే గోడ మరీ మరీ నలిగి వేడెక్కి చిరిగిపోతుంది.

మా వాడు వారంలో ఐదు రోజులు తారు రోడ్డు మీదే తిరుగుతాడు, రెండు రోజులు కంకర దారి. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి చెప్పాను. “మొదటిది, ఆ ఎక్స్‌ఎల్ టైరే తీసుకోరా. 116కి తగ్గకుండా చూసుకో. పక్కగోడ మీద మూడు శిఖరాల కొండలో మంచుపువ్వు గుర్తుంటే మీ చలికాలానికీ పనికొస్తుంది. ఎప్పుడైనా ఎల్‌టికి మారితే మాత్రం బండి తలుపు అంచున అంటించిన గాలి అంకె సరిపోదు, ఆ టైరు కంపెనీ ఇచ్చే లోడు పట్టిక చూసి గాలి పెంచు.”

“బరువెక్కువైతే డాష్‌బోర్డు మీద టైరు లైటు వెలుగుతుంది కదా బాబాయ్?”

“వెలగదురా. ఆ లైటు గాలి తగ్గితే వెలుగుతుంది, బరువు పెరిగితే కాదు” అని, ఇరవై బియ్యం బస్తాల సంగతి చెప్పాను. ట్రాలీ ఆటో మీద 500 కిలోలు వేసినా గేజి ముల్లు కదల్లేదు. గాలి తన మీద ఎంత బరువుందో ఎవరికీ చెప్పదు. అందుకే ఎంత బరువు వేయబోతున్నామో మనమే ముందు లెక్క చూసుకుని, దానికి తగ్గ గాలి కొట్టించుకోవాలి.

ఆ మాట నాకు ముందు తట్టింది కాదు. బస్తాలు దించుతుండగా ఆ అమ్మాయి వాళ్ల నాన్నతో అంది: “నాన్నా, లోడేశాక మీటరు చూసి లాభం లేదు. లోడేసే ముందే గాలి కొట్టించు.”