హైబ్రిడ్ కారులో ఎన్ని బస్తాలు వేయొచ్చు? ట్రాలీ తగిలించొచ్చా? పల్నాడు రైతులకు సూచనలు

మిరప కోతలు అయ్యి, కాయ కల్లంలో ఎండి టిక్కీలకు ఎక్కే రోజుల్లో బండ్ల కిరాయి పెరుగుతుంది. ట్రాక్టరు దొరకదు, దొరికినా రెండు రోజులు ఆగమంటారు. అప్పుడు ఇంటి ముందున్న కారు మీదికి చూపు పోతుంది. "వెనక సీటు మడిచి ఆరు టిక్కీలు వేస్తే పోలా?", "వెల్డింగ్ షాపులో చిన్న ట్రాలీ చేయించి తగిలిస్తే పోలా?" అనిపిస్తుంది. కారు హైబ్రిడ్ అయితే ఆశ ఇంకాస్త ఎక్కువ. ఇంజనుతో పాటు మోటారు కూడా ఉంది కదా, రెండింతలు లాగుతుందనుకుంటాం.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. హైబ్రిడ్ కారు పెట్రోలు మిగల్చడానికి తయారైంది, బరువు లాగడానికి కాదు. లెక్క ప్రకారం కొద్దిపాటి సామాను వేసుకోవచ్చు. ట్రాలీ మాత్రం తగిలించకూడదు. ఎందుకో, ఎంతవరకో ఒక్కొక్కటిగా చూద్దాం.

మీ కారు ఏ రకం హైబ్రిడ్?

హైబ్రిడ్ అని రాసి ఉన్న కార్లన్నీ ఒకటి కావు.

మైల్డ్ హైబ్రిడ్: మారుతి దీన్నే స్మార్ట్ హైబ్రిడ్ అంటుంది. ఎర్టిగా, బ్రెజా వంటి కార్లలో ఉంటుంది. ఇందులో ఇంజనుకు బెల్టుతో కలిపిన చిన్న మోటారు, చిన్న బ్యాటరీ ఉంటాయి. కారు కదిలేటప్పుడు కాస్త ఊతం ఇస్తాయి, అంతే. మోటారు ఒక్కటే కారును నడపలేదు. బరువు విషయంలో దీన్ని మామూలు పెట్రోలు కారుగానే చూడాలి.

స్ట్రాంగ్ హైబ్రిడ్: 2022లో వచ్చిన టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాల్లోని పై మోడళ్లు ఈ రకం. ఇందులో ఇంజను వేరే, చక్రాలను తిప్పే మోటారు వేరే. రెండూ కలిసి దాదాపు 115 హార్స్ పవర్ ఇస్తాయి. బ్యాటరీ మాత్రం చాలా చిన్నది, ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. ఎత్తు ఎక్కుతూ బ్యాటరీ తగ్గిపోతే మోటారు సాయమూ తగ్గుతుంది. భారం 1.5 లీటర్ల చిన్న ఇంజను మీదే పడుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఎలక్ట్రిక్ మోటారు ఆగి ఉన్న చోటు నుంచే గట్టిగా గుంజుతుంది. బరువు వేసినా కారు చులాగ్గా కదిలిపోతుంది. "బాగానే లాగుతోంది" అనుకుంటాం. కదలడం ఒక ఎత్తు, ఆపడం మరో ఎత్తు.

బరువు లెక్క ఇలా వేసుకోండి

మీ ఆర్.సి. లో ఖాళీ బండి బరువు, లోడుతో ఉండదగ్గ మొత్తం బరువు చూడండి. ఆర్.సి. లో రెండోది లేకపోతే కారు మాన్యువల్‌లో ఉంటుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మీరు వేయదగ్గ బరువు. ఆ బరువులో డ్రైవరు, మనుషులు, సామాను అన్నీ వస్తాయి.

ఉదాహరణకు ఆ తేడా 450 కిలోలు అనుకుందాం. ఒక్కో మనిషికి 75 కిలోలు వేసుకోండి.

• ఐదుగురు ఎక్కితే 375 కిలోలు పోతాయి. మిగిలేది 75 కిలోలు. అంటే ఒక్క వడ్ల బస్తా.
• ముగ్గురు ఎక్కితే 225 కిలోలు మిగులుతాయి.
• మీరు, మరొకరు మాత్రమే ఉంటే 300 కిలోలు మిగులుతాయి.

బస్తాల బరువులు మీకు తెలిసినవే: యూరియా 45, డీఏపీ 50, వడ్లు 75, మిరప టిక్కీ సుమారు 40 నుంచి 45 కిలోలు. 40 లీటర్ల పాల క్యాన్ నిండితే క్యాన్‌తో కలిపి 45 కిలోలు దాటుతుంది. కాయలో తేమ ఉంటే టిక్కీ ఇంకా తూగుతుంది. కాబట్టి లెక్కకు పది శాతం తక్కువగానే వేయండి.

ఆర్.సి. లో రాసిన బరువు దాటితే, 2019 చట్ట సవరణ తర్వాత జరిమానా 20 వేల రూపాయల నుంచి మొదలవుతుంది.

ఎక్కడ పెట్టాలి, ఎలా కట్టాలి

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ డిక్కీ వైపు ఉంటుంది కాబట్టి డిక్కీ చిన్నది. గ్రాండ్ విటారా మైల్డ్ మోడల్‌లో డిక్కీ 373 లీటర్లు, స్ట్రాంగ్ మోడల్‌లో 265 లీటర్లు. అందులో బస్తాలు కుక్కితే బరువంతా వెనక చక్రాల మీద పడి ముందుభాగం లేస్తుంది. ఈ కార్లను ఎక్కువగా ముందు చక్రాలే లాగుతాయి. ముందు తేలిపోతే స్టీరింగు పట్టు తగ్గుతుంది, రాత్రిపూట లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి.

• బరువైన బస్తాలు కింద, ముందు సీట్ల వీపుకు ఆనించి పడుకోబెట్టండి. డిక్కీ చివర్లో తేలికవి పెట్టండి.
• బస్తాల ఎత్తు సీటు వీపు దాటకూడదు. 50 కిలోమీటర్ల వేగంలో కారు దేనికైనా గుద్దుకుంటే వెనకున్న 50 కిలోల బస్తా దాదాపు 700 కిలోల బరువుతో ముందుకు తోస్తుంది. నడుముకు బెల్టు ఉన్నా వీపుకు దెబ్బ తప్పదు. అందుకే తాళ్లతో బిగించి కట్టండి.
• బస్తాలతో పాటు పిల్లల్ని వెనక కూర్చోబెట్టొద్దు.
• డ్రైవరు తలుపు చట్రం మీద టైరు గాలి పట్టిక అంటించి ఉంటుంది. నిండు బరువుకు వేరే అంకె ఉంటే అంత గాలి పెట్టించండి. వేసవిలో తక్కువ గాలితో, ఎక్కువ బరువుతో పోతే టైరు వేడెక్కి పేలుతుంది.
• డ్రిప్ పైపుల చుట్టలు టాప్ మీద వేసేముందు టాప్ ఎంత మోస్తుందో మాన్యువల్‌లో చూడండి. పొడవు పైపులు కారు బయటికి పొడుచుకొచ్చేలా కట్టొద్దు.

బ్యాటరీకి గాలి ఆడాలి

చాలా స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లలో పెద్ద బ్యాటరీని చల్లబరిచేది కారు లోపలి గాలే. ఆ గాలి వెనక సీటు దగ్గరున్న చిన్న జాలీ గుండా పోతుంది. చాలామంది దీన్ని ఏసీ రంధ్రం అనుకుంటారు.

ఈ జాలీకి అడ్డంగా బస్తా పెడితే బ్యాటరీకి గాలి అందదు. మిరప తొక్క, గింజల పొట్టు, పత్తి నూగు, సిమెంటు దుమ్ము లోపలికి పోతే ఫిల్టరు మూసుకుపోతుంది. మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే. ఆ ఎండలో, నిండు బరువుతో, గాలి ఆడకుండా నడిపితే బ్యాటరీ వేడెక్కుతుంది. కారు తనంతట తానే శక్తి తగ్గించుకుంటుంది, డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వస్తుంది. ఇలాగే వాడుతూ పోతే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

• జాలీ ఎక్కడుందో మాన్యువల్ చూసి గుర్తుపెట్టుకోండి. దాని చుట్టూ జానెడు ఖాళీ వదలండి.
• వ్యవసాయ సామాను వేసేముందు కింద మందపాటి పట్టా పరవండి.
• సర్వీసుకు ఇచ్చినప్పుడు బ్యాటరీ ఫిల్టరు శుభ్రం చేయమని నోటితో చెప్పి చేయించుకోండి.
• ఆరెంజ్ రంగు తీగలు ఎక్కడ కనిపించినా ముట్టుకోవద్దు. అవి ఎక్కువ వోల్టేజీ తీగలు.

పురుగుమందుల డబ్బాలను మనుషులున్న కారులో తేవడం ఏ కారులోనైనా ప్రమాదమే. తప్పనిసరైతే మూత బిగించి, ప్లాస్టిక్ తొట్టిలో నిలబెట్టి డిక్కీలో పెట్టండి, కిటికీలు దించి నడపండి. అదే ప్రయాణంలో తిండి వస్తువులు తేవొద్దు. మిరప టిక్కీలదీ ఇదే సమస్య. మూసిన కారులో ఘాటు ఎక్కి తుమ్ములు, కళ్లమంట వస్తే స్టీరింగు పట్టుకున్న మనిషి రెండు క్షణాలు రోడ్డు చూడలేడు.

ట్రాలీ ఎందుకు వద్దు?

ఐరోపాలో కొన్ని హైబ్రిడ్ కార్లకు కంపెనీయే లాగే పరిమితి రాసి ఇస్తుంది. అక్కడ నాలుగో తరం టయోటా ప్రియస్‌కు 725 కిలోల వరకు అనుమతి ఉండేది. దానికి ముందు తరం ప్రియస్‌కు అసలు అనుమతే లేదు. చూడ్డానికి ఒకేలా ఉన్న కార్లలోనే ఇంత తేడా. కాబట్టి వీడియోలో ఎవరో లాగారని మనం లాగకూడదు. మీ మాన్యువల్‌లో కంపెనీ అనుమతి లేకపోతే, అది లాగే కారు కాదని అర్థం.

కారణాలు ఇవీ:

1. బ్రేకులు. ట్రాలీ 200 కిలోలు, పది టిక్కీలు 400 కిలోలు, మొత్తం 600 అనుకుందాం. కారు, ఇద్దరు మనుషులు కలిసి 1,450 కిలోలు. వెల్డింగ్ షాపు ట్రాలీకి బ్రేకులుండవు. కారు బ్రేకులు అంతే శక్తితో పట్టినా, ఆగడానికి దాదాపు 40 శాతం ఎక్కువ దూరం కావాలి. ఎదురుగా గేదె వచ్చినప్పుడు ఆ దూరం మీకు దొరకదు.

2. దిగుడు రోడ్డు. హైబ్రిడ్ కారు దిగేటప్పుడు మోటారు బ్రేకులా పనిచేసి బ్యాటరీని నింపుతుంది. చిన్న బ్యాటరీ కాబట్టి కోటప్పకొండ ఘాట్ వంటి దిగుడులో త్వరగా నిండిపోతుంది. ఇక ఆ కరెంటు పోయేచోటు ఉండదు. ఇంజను కొంత పట్టినా భారం బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది. వెనక ట్రాలీ తోస్తుంటే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదులుతాయి.

3. ఊగులాట. మలుపులోనో, పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడో తేలికపాటి కారును ట్రాలీ పక్కకు ఈడుస్తుంది.

4. కొక్కెం. కారుకిచ్చిన కొక్కెం, అది ఆగిపోతే కొద్ది దూరం కదిలించడానికే. నల్లరేగడిలో దిగబడిన ట్రాక్టరును దానితో లాగబోతే కొక్కెమో గొలుసో తెగి మనుషుల మీదికి వస్తుంది.

5. చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రాలీకి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంటి దగ్గర చేయించిన ట్రాలీకి అది రాదు.

బీమా సంగతి ముందే చూసుకోండి

అన్నిటికన్నా పెద్ద నష్టం ఇక్కడే ఉంది. మీ కారు బీమా పత్రంలో వినియోగ పరిమితులు అనే భాగం చదవండి. ప్రైవేటు కారు పాలసీలో సాధారణంగా రెండు మాటలుంటాయి. కిరాయికి నడిపితే వర్తించదు. సరుకు రవాణాకు వాడితే వర్తించదు, నమూనాలు, సొంత సామాను తప్ప.

అంటే కోల్డ్ స్టోరేజీలోని మిరప నమూనా సంచి గుంటూరు యార్డుకు తీసుకెళ్తే ఇబ్బంది లేదు. పొలానికి స్ప్రేయరు తీసుకెళ్లినా సొంత సామానే. అమ్మకానికి టిక్కీలు వేసుకెళ్తే అది సరుకు. పక్కింటివాళ్ల బస్తాలు డబ్బులు తీసుకుని వేస్తే అది కిరాయి. ఎరువుల బస్తాల గురించి అనుమానముంటే ఏజెంటును అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

సరుకుతో వెళ్తూ ప్రమాదం జరిగితే మీ కారు మరమ్మతు డబ్బులు రాకపోవచ్చు. ఎదుటివారికి ప్రాణనష్టం జరిగితే, బీమా కంపెనీ ముందు చెల్లించి ఆ తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పే అవకాశమూ ఉంది. అది వేలల్లో ఉండదు, లక్షల్లో ఉంటుంది. కిరాయి మిగుల్చుకోబోయి పొలం అమ్ముకునే పరిస్థితి రాకూడదు.

కారు దారిలో ఆగిపోతే

స్ట్రాంగ్ హైబ్రిడ్ కారును ముందు చక్రాలు నేలమీద దొర్లేలా తాడు కట్టి ట్రాక్టరుతో లాగించొద్దు. మామూలు కారును న్యూట్రల్‌లో వేస్తే చక్రాలు విడిపోతాయి. ఇందులో చక్రాలకు మోటారు ఎప్పుడూ కలిసే ఉంటుంది. చక్రాలు తిరిగితే మోటారు తిరిగి కరెంటు పుడుతుంది. లోపలి భాగాలు కాలిపోవచ్చు. కారు మొత్తాన్ని ఎక్కించుకునే బండినే పిలవండి. బీమాలో రోడ్ సైడ్ సాయం ఉంటే ఆ ఫోను నంబరు ముందే రాసి పెట్టుకోండి.

మరి సరుకు ఎలా చేర్చాలి?

ఒక్కసారి ఖర్చు లెక్క చూడండి. నరసరావుపేట నుంచి గుంటూరు యార్డుకు రానుపోను దాదాపు 90 కిలోమీటర్లు. 40 కిలోల టిక్కీలు 30 ఉన్నాయనుకుందాం. కారులో ఇద్దరు ఎక్కి, ఆరేసి టిక్కీలు వేస్తే ఐదు ట్రిప్పులు, 450 కిలోమీటర్లు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. బరువుతో హైవే మీద అంత రాదు. 18 వస్తుందనుకుంటే 25 లీటర్లు. లీటరు 110 రూపాయలైతే 2,750 రూపాయలు. దీనికి తోడు ఐదు రోజుల పని పోతుంది, కారు అరుగుదల వేరే. ఐదు రోజుల్లో యార్డు ధర మారితే ఆ నష్టం కూడా మీదే. ఇదే 1,200 కిలోలు బొలెరో పికప్‌లో ఒక్క ట్రిప్పులో పోతాయి. మీ ఊరి కిరాయి అడిగి ఈ అంకె పక్కన పెట్టి చూడండి. మాచర్ల, గురజాల వైపు నుంచైతే దూరం ఎక్కువ కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది.

• ఇద్దరు ముగ్గురు రైతులు ఒకే రోజుకు మాట్లాడుకుని ఒక బండి పెట్టుకోండి. టిక్కీల మీద పేర్లు రాసుకుంటే కాటా దగ్గర గొడవ ఉండదు.
• పది టిక్కీల లోపు ఉంటే చిన్న ట్రాలీ ఆటోయో, టాటా ఏసో చాలు.
• విడిభాగాలు, చిన్న పార్సిళ్లకు ఆర్టీసీ కార్గో ఉంది.
• ఎరువులు సీజను ముందే ఊరివాళ్లంతా కలిసి ఒకే లోడుగా దించుకోండి.

బయలుదేరే ముందు ఐదు ప్రశ్నలు

1. మనుషులతో కలిపి బరువు లెక్క వేశానా?
2. బస్తాలు కింద, ముందుకు ఆనించి, కట్టి ఉన్నాయా?
3. బ్యాటరీ జాలీ తెరిచి ఉందా?
4. టైర్లలో బరువుకు తగ్గ గాలి ఉందా?
5. ఇది నా సామానా, అమ్మే సరుకా?

ఐదో ప్రశ్నకు అమ్మే సరుకని జవాబు వస్తే కారు తాళం ఇంట్లో పెట్టి, బండికి ఫోను చేయండి. ఆ రోజు కారులో మీరు, నమూనా సంచి, మీ పట్టాదారు పాసుపుస్తకం వెళ్తే చాలు.