చంద్రయాత్రయు, చిన్ననాటి యిల్లును

1969వ సంవత్సరము జూలై మాసమున మానవుడు మొట్టమొదట చంద్రునిపై కాలు మోపిన సంగతి సోదరీమణులందరకును తెలిసినదే. ఆ మహాకార్యమును గూర్చి గ్రంథములును, చలనచిత్రములును పెక్కులు వెలువడినవి. వానిలో నెక్కువ భాగము వ్యోమగాముల సాహసమును, యంత్రముల బలమును వర్ణించునవి. అట్లుగాక, ఆ దినములలో నొక సామాన్య కుటుంబమున పిల్లలెట్లు పెరిగిరో, తల్లి సంసారమెట్లు నడపెనో చూపు బొమ్మల చలనచిత్ర మొకటి 2022వ సంవత్సరమున వచ్చినది. దాని పేరు ‘అపోలో 10½: ఎ స్పేస్ ఏజ్ చైల్డ్‌హుడ్’. దర్శకుడు రిచర్డ్ లింక్‌లేటర్ అను అమెరికా దేశస్థుడు. చిత్రము ఆంగ్లభాషలో నున్నది. ఆ యేడు ఏప్రిల్ 1వ తేదినుండి నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇండ్లలోనే చూచు వీలు కలిగినది.

కథ టెక్సాసు రాష్ట్రమందలి హ్యూస్టన్ నగరపు శివారున జరుగును. అమెరికా వారి అంతరిక్ష సంస్థయగు నాసాకు అచట పెద్ద కేంద్రము గలదు. స్టాన్ అను బాలుడు నాలుగవ తరగతి చదువుచుండును. ఆరుగురు సంతానములో నతడే కడపటివాడు. ఒకనాడు నాసా ఉద్యోగు లిద్దరు వానిని కలిసికొని, చంద్రునిపై దిగవలసిన వాహనమును పొరపాటున మిక్కిలి చిన్నదిగా గట్టితిమనియు, పెద్దవారు దానిలో పట్టరనియు, కావున నీవే రహస్యముగా పోయి రావలయుననియు కోరుదురు. 1969 మే నెలలో అపోలో 10 యాత్రయు, జూలైలో అపోలో 11 యాత్రయు జరిగినవి. ఈ బాలుని యాత్ర యా రెంటికిని నడుమ జరిగినది గనుక దానికి పదిన్నర యను సంఖ్య వచ్చినది. ఇది పిల్లవాని ఊహయని చూచువారికి తెలియుచునే యుండును. చిత్రములో పెద్ద భాగము మాత్రము ఆ యింటి దినచర్యతోనే నిండియున్నది.

లింక్‌లేటర్ 1960లో హ్యూస్టన్ నగరముననే జన్మించినవాడు. కావున తన బాల్యమందలి వీధులను, ఆటలను, బడిని నమ్మకముగా చిత్రింపగలిగెను. ముందుగా నటీనటులచే నటింపజేసి కెమెరాతో పట్టి, ఆ దృశ్యముల నాధారముగా గొని చిత్రకారులచే బొమ్మలు వేయించిరి. అందువలన మనుష్యుల కదలికలు నిజమైనవిగా దోచును. రంగులు మాత్రము పాత జ్ఞాపకములవలె కొంచెము మెత్తగా నుండును.

గృహిణులకు ఈ చిత్రములో నెక్కువ నచ్చునది తల్లి పాత్ర. ఆరుగురు బిడ్డలు, తండ్రి నాసాలోనే యున్నను వ్యోమగామి కాడు, శాస్త్రజ్ఞుడును కాడు. వచ్చిన సామానును దింపుకొని, పోవలసినదానిని పంపు విభాగమున నతడు పనిచేయును. తన తండ్రి అంత గొప్పవాడు కాడే యని స్టాన్ కొంచెము చిన్నబోవును. అట్టి సంసారమును తల్లి మిక్కిలి పొదుపుగా నడపును. ఆదివారమునాడు వండిన మాంసమును వారములోని తక్కిన దినములకు రూపు మార్చి వడ్డించును. నిన్నటి యన్నమును నేడు పులిహోరగా మార్చు మన యిల్లాండ్రకు ఈ విద్య క్రొత్తది కాదు. ఆకాశమునకు రాకెట్టు లెగురుచున్న ఊరిలోను, నెలాఖరు వరకు సరకులు చాలునా యను చింత యొక్కటే యని చూచినప్పుడు దూరదేశపు టా తల్లి మన పొరుగింటామె వలె కనబడును.

పాతకాలమంతయు బంగారమని ఈ చిత్రము చెప్పుట లేదు. దోమలను చంపుటకు డి.డి.టి. మందు చిమ్ముచు పోవు బండివెంట పిల్లలు కేరింతలతో పరుగెత్తుదురు. అది విషమని నాడు వారికి చెప్పువారు లేరు. బడిలో చెక్కబద్దతో కొట్టుట సామాన్యము. ప్రతి రాత్రియు టెలివిజనులో వియత్నాం యుద్ధపు మరణవార్తలు వచ్చుచుండును. పిల్లలు వానిని చూచుచునే అన్నము తిందురు. ఈ దృశ్యములను బట్టి చిత్రమును తల్లిదండ్రులు పిల్లల ప్రక్కన కూర్చుండి చూచుట మేలు.

చిత్రాంతమున వచ్చు సంగతి మరపునకు రానిది. చంద్రునిపై మానవుడు దిగు దినమున స్టాన్ ఉదయమునుండి వినోదవనములో ఆడి యలసిపోయి, రాత్రి టెలివిజను ముందే నిద్రపోవును. చరిత్రలో నంత గొప్ప ఘట్టమును బిడ్డ చూడలేకపోయెనే యని తండ్రి బాధపడును. తల్లి మాత్రము, నిద్రపోయినను ఫరవాలేదు, పెద్దవాడైన తరువాత తాను చూచితిననియే తలచును, జ్ఞాపకముల స్వభావ మట్టిదని సమాధానము చెప్పును. బిడ్డ జ్ఞాపకములో నుండబోవునది టెలివిజను తెరపైని నీడలు కావు, ఆ రాత్రి తన వారందరు చేరి కూర్చున్న ఆ గది యని ఆమెకు తెలియును.

హ్యూస్టనులో నాడు ఆదివారము రాత్రి 9 గంటల 56 నిమిషములు. మన దేశమున నదే సమయమునకు జూలై 21వ తేది సోమవారము, ఉదయము 8 గంటల 26 నిమిషములు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో ఇల్లాండ్రు పొయ్యిల యొద్ద నుండు వేళ. అప్పటికి తెలుగుదేశమున టెలివిజను లేదు. హైదరాబాదు కేంద్రము వెలసినది 1977లో. వార్త తెలియవలె నన్న రేడియోయు, మరునాటి పత్రికయు దిక్కు.

ఈ మూడు పట్టణములును నాడు నల్లగొండ జిల్లాలోనివే. 1969వ సంవత్సరము ఇచటివారికి చంద్రయాత్ర కంటె వేరు కారణములచే జ్ఞాపకముండ దగినది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమము ముమ్మరముగా సాగి, బడులును కళాశాలలును పెక్కు దినములు మూతపడిన యేడది. నాగార్జునసాగరపు కాలువలకు 1967 ఆగస్టు 4వ తేదిన నీరు విడువబడినది. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో మెట్ట చేలు మాగాణిగా మారుటకు అవియే తొలి యేండ్లు. నేడు మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు పొందుటకు ఆ నీరే మూలము. ఒకవైపు మనుష్యుడు నీరులేని చంద్రునిపై నడచుచుండగా, మరియొకవైపు మన పల్లెలలో నీరు క్రొత్తగా చేలకు నడచి వచ్చుచుండెను. ఆ చంద్రయాత్ర జరిగిన 26 దినములకే, ఆగస్టు 15వ తేదిన, మన ఇస్రో సంస్థ స్థాపింపబడినది. 1971 అక్టోబరులో శ్రీహరికోటనుండి తొలి చిన్న రాకెట్టు ఎగిరినది.

చంద్రయాత్రలో స్త్రీల పాలును తక్కువది కాదు. కేథరిన్ జాన్సన్ అను గణితవేత్రి లెక్కలు గట్టెను. వాహనమును నడపు కంప్యూటరు ఆదేశములను వ్రాసిన బృందమునకు మార్గరెట్ హామిల్టన్ నాయకురాలు. వ్యోమగాములు ధరించిన, ఇరువదియొక్క పొరలు గల దుస్తులను డెలావేరు రాష్ట్రమందు కుట్టుపని స్త్రీలు కుట్టిరి. ఒక్క కుట్టు తప్పినను ప్రాణము పోవు పని యది. అపోలో పనిలో పాల్గొన్న సుమారు నాలుగు లక్షల మందిలో స్టాన్ తండ్రివంటి వారును, ఆ కుట్టుపని స్త్రీలవంటి వారును ఎందరో గలరు.

తరువాత ఆకాశవిద్య మన యిండ్ల గుమ్మముల వరకు వచ్చినది. 1975 ఆగస్టు మొదలు ఒక యేడు, అమెరికా ఉపగ్రహము సాయమున ఇస్రో వారు ఆరు రాష్ట్రములందలి 2400 పల్లెలకు టెలివిజను చూపిరి. వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమములును ప్రసారమైనవి. 2023 ఆగస్టు 23వ తేదిన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమునకు చేరువగా దిగినప్పుడు, ఆ పనికి అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టరుగా నున్నది కల్పన యను స్త్రీ. ఆ సాయంకాలము మన పిల్లలు దానిని చేతిలోని ఫోనులందే చూచిరి.

హ్యూస్టను బాలుని బాల్యమును బొమ్మలలో నిలుపువాడు దొరకెను. సూర్యాపేట బాలిక బాల్యమును ఎవరు నిలుపుదురు? 1969లో పదేండ్ల పిల్లలు నేడు అరువదియైదు దాటిన అవ్వలును, తాతలును. వారి మాటలు వారితోనే పోవునేని, ఆ కాలపు మన యిండ్లు ఏ తెరపైని కనబడవు. సోదరీమణులారా, ఇందుకు ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. పండుగకు ఇంటిల్లిపాదియు చేరినప్పుడు మీ అత్తగారిని, అమ్మమ్మను, మేనత్తను అడుగుడు. ‘చంద్రునిపై మనిషి దిగెనని మీ కెవరు చెప్పిరి? మీరు నమ్మితిరా? రేడియో ఎవరి యింట నుండెడిది? బడి మూసిన దినములలో మీ రేమి చేసితిరి? కాలువ నీరు మొదట వచ్చినప్పుడు ఇంట నేమి వండిరి?’ అని చిన్న చిన్న ప్రశ్నలు వేయుడు. పెద్ద ప్రశ్నకు పెద్దలు మౌనము వహింతురు. వంటను గూర్చి అడిగిన గంటసేపు చెప్పుదురు.

వ్రాయునప్పుడు ఒక జాగ్రత్త యవసరము. స్టాన్ తల్లి చెప్పినట్లు, జ్ఞాపకము వినినదానిని చూచినదిగా మార్చును. కావున చూచితినని చెప్పినది వేరుగను, వింటినని చెప్పినది వేరుగను గుర్తుంచుకొని వ్రాయుడు. అవ్వ మాట మధ్యలో సరిదిద్దకుడు. తేదీ తప్పినను చెప్పనిండు, తరువాత ప్రక్కన వ్రాసికొన వచ్చును. పుటకు పైన ఆమె పేరును, ఊరిని, వ్రాసిన దినమును వేయుడు. పిల్లలలో బొమ్మలు వేయువారున్న, ఆ మాటలకు తగిన బొమ్మ నెదుటి పుటలో వారిచే వేయింపుడు.